నల్లేరు జిల

పదకొండున్నరైంది, వేళ్ళు ఇంకా జిల పెడతానే ఉన్నాయి, నిద్ర పట్టక టైప్ చేస్తున్నా.

పొద్దున రైతుబజారు బయట ఒకామె గోనెపట్ట మీద నల్లేరు తీగ పెట్టుకొని కూర్చోనుంది, కట్ట ఇరవై. లేతది, గోరుతో గిల్లితే టప్పున విరిగింది. పచ్చడికని మూడు కట్టలు తెచ్చినా. చేతికి నూనె పూసుకోవాలని తెలుసు, తెలిసీ ఫోన్ మాట్లాడుకుంటా ఒట్టి చేతుల్తో నార తీసినా. దాంట్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ ఉంటుందంట, అదే గుచ్చుకునేది. సులభమైన పనికి నల్లేరు మీద బండి నడక అంటారే, ఆ అన్నోళ్ళను ఒకసారి కూర్చోని నార తీయమనండి.

అసలు మంట జిలది కాదు. దుప్పటి మారుస్తుంటే మా అత్త దిండు కింద ఐదు స్ట్రిప్పులు దొరికినాయి, డాక్టరు రాసిన మోకాళ్ళ మాత్రలు, ఒక్కటీ చించలా. నెల నుంచి వాట్సాప్‌లో వచ్చిన వీడియో ఒకటి పట్టుకుంది. సంస్కృతంలో నల్లేరును అస్థిసంహారి అంటారంట, సంహారమంటే చంపడం కాదు కలపడమంట, కాబట్టి పొడి తింటే ఎముకలు అతుక్కుంటాయంట. అత్తకు విరిగింది ఏముంది అతుక్కోడానికి, అరిగినాయి అన్నాడు డాక్టరు! ఈయనేమో నాకు మాటమాత్రం చెప్పకుండా ఆ పొడి తెప్పించినాడు, మూడొందల తొంభై తొమ్మిది. అడిగితే "నేచురలే కదా, ఏమైతాది" అంటాడు. గన్నేరు కూడా నేచురలే నాయనా.

మా జేజి అయితే వానలు పడినాక పాలకొండల వారకు పిల్చుకపోయేది. ఇప్పుడు కొడవలి పట్టుకొని ఆ పక్క పోతే ఎర్రచందనానికి వచ్చినామనుకుంటారులే. రొంట్లో చిన్న సీసా, దాంట్లో చెనిగ నూనె, ముందు నా చేతులకు పూసేది, తర్వాత తనకు. జెముడు కంచె మీద పాకిన తీగను కణుపు కాడ తుంచి, ముదురుదైతే మేకలకని పారేసేది. ఇంటికొచ్చి రంగు మారేదాకా నూనెలో వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు, ఎల్లిపాయలేసి రోట్లో నూరితే, వేడి సంగటిలో ఆ పచ్చడి...

జేజికున్న తెలివి ఈ వీడియోలోళ్ళకు యాడుంది అని రాయాలనే కూర్చున్నా. రాస్తా ఉంటే గుర్తొస్తాంది, జేజి ఎముకల కోసం ఏనాడూ చేయలా. చెనక్కాయలు అమ్మేదాకా ఇంట్లో డబ్బులుండేవి కాదు, కూరాకు లేని రోజు నల్లేరు, అంతే. మోకాళ్ళకు ఆముదం పూసుకునేది. ఆఖర్లో ఆ మోకాళ్ళతోనే దేక్కుంటా తిరిగింది పాపం. నేను కూడా జేజిని పట్టుకొని వైద్యం అమ్ముతాండా ఏమో.

సాయంత్రం అత్తను గట్టిగానే అడిగినా. చానాసేపు మాట్లాడలా. తర్వాత "అవి మింగితే కడుపులో ఒకటే మంట మ్మా, చెప్తే మళ్ళీ ఆస్పత్రికి తిప్పుతారు, నీకు పనాయ" అనింది. ఇంక ఏం తిట్టేది. రేపు మాత్రలు మార్చమని అడగల్ల.

పచ్చడితో రెండు ముద్దలు ఎక్కువే తినింది. ఈయనకు నాలుక గీరుతుందంట, ముట్టలా.

పొడి డబ్బా ఎవరికన్నా కావాలంటే చెప్పండి, సీలు కూడా తీయలేదు.