రాయి భయంతో పాలు మానేశాను: కాల్షియం విషయంలో నా అనుభవం

నలభై రెండో ఏట నా మూత్రపిండంలో రాయి ఏర్పడింది. అది కాల్షియం, ఆక్సలేట్ (కొన్ని ఆకుకూరల వంటి ఆహారంలో ఉండే పదార్థం) కలిసి ఏర్పడే కాల్షియం ఆక్సలేట్ రాయి అని పరీక్షలో తేలినప్పుడు, పేరులోనే కాల్షియం ఉంది కాబట్టి కాల్షియం ఉన్న ఆహారమే దానికి కారణమని నేను నమ్మాను. అయినవాళ్ళందరూ అదే మాట అన్నారు. ఆ రోజు నుంచి తొమ్మిదేళ్ళపాటు పాలు, పెరుగు ముట్టలేదు. యాభై ఒకటో ఏట ఇంట్లో నడుస్తూ కాలు జారి, చెయ్యి నేలకు ఆనించి పడ్డాను. అంతమాత్రానికే మణికట్టు విరిగింది.

కట్టు విప్పిన తరువాత ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ చేయించారు. తుంటి దగ్గర టి-స్కోరు, అంటే ఆరోగ్యవంతులైన యువతీయువకుల ఎముకతో పోల్చి చెప్పే అంకె, మైనస్ 2.1 వచ్చింది. మైనస్ 1 వరకు సాధారణమనీ, మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువైతే ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) అనీ, నేను ఆ రెండింటి మధ్య ఉన్నాననీ డాక్టరు గారు వివరించారు. అయితే రక్తంలో కాల్షియం డెసీలీటరుకు 9.4 మిల్లీగ్రాములు ఉంది, అంటే పూర్తిగా సాధారణం. నాకు లోటు లేనట్టే కదా అని అడిగాను. అప్పుడు ఆమె చెప్పిన విషయం నా ఆలోచనను మార్చివేసింది.

శరీరంలో ఉండే సుమారు ఒక కిలో కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనూ దంతాల్లోనూ ఉంటుంది. మిగిలిన ఒక్క శాతం మీదే కండరాల కదలిక, నరాల సంకేతాలు, రక్తం గడ్డకట్టడం, గుండె కొట్టుకోవడం ఆధారపడి ఉంటాయి. కాల్షియం లేని ద్రావణంలో గుండె సంకోచించలేదని బ్రిటిష్ వైద్యుడు సిడ్నీ రింగర్ 1883లోనే చూపించారు. అందువల్ల శరీరం ఈ ఒక్క శాతాన్ని వీలైనంతవరకు తగ్గనివ్వదు. ఆహారంలో చాలనప్పుడు, మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు తమ హార్మోను ద్వారా ఎముకల నుంచి కాల్షియాన్ని రక్తంలోకి రప్పిస్తాయి. నా రక్తపరీక్ష అంత సక్రమంగా ఉండడానికి నా ఎముకలు తొమ్మిదేళ్ళుగా తమ నిల్వను ఇస్తూ వచ్చాయని తెలిసినప్పుడు చాలా బాధ కలిగింది. నెలసరి ఆగిపోయి ఈస్ట్రోజెన్ తగ్గడం ఆ నష్టాన్ని మరింత వేగిరపరిచింది.

తరువాత పోషకాహార నిపుణురాలు ఏడు రోజులపాటు తిన్న ప్రతిదీ తూచి రాయమన్నారు. నా సగటు రోజుకు 420 మిల్లీగ్రాములు. యాభై దాటిన స్త్రీకి కావలసింది 1200. పాలకు బదులుగా దాదాపు ప్రతిరోజూ పాలకూర తింటున్నానని నేను ధైర్యంగా చెప్పాను. పాలలోని కాల్షియంలో సుమారు 30 శాతం ఒంటికి పడితే, పాలకూరలోని ఆక్సలేట్ కారణంగా దాని కాల్షియంలో 5 శాతం మాత్రమే పడుతుందని ఆమె చెప్పారు. ఇరవై నాలుగు గంటల మూత్రపరీక్షలో ఆక్సలేట్ ఎక్కువగా కనిపించింది, కాల్షియం కాదు. ఆహారంలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని మలంతో బయటకు పంపుతుంది. నేను కాల్షియాన్ని మానేయడంతో ఆ ఆక్సలేట్ రక్తంలోకి చేరి మూత్రపిండాలకు వెళ్ళింది. రాయికి భయపడి మానేసిన ఆహారమే రాయి నుంచి కాపాడేదన్నమాట! ఆహారంలో కాల్షియం ఎక్కువగా తీసుకున్నవారికి రాళ్ళ ముప్పు తక్కువని, 45,000 మందికి పైగా పురుషులను పరిశీలించిన అధ్యయనం 1993లోనే చూపించింది. ఇది నాకు తొమ్మిదేళ్ళ ముందు తెలిసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మాత్రల విషయంలోనూ పొరపాటు చేశాను. ఆహారపు అలవాటు కుదిరేవరకు వేసుకోమని రాసిన కాల్షియం కార్బొనేట్ మాత్రను ఉదయం పరగడుపున, థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకున్నాను. కార్బొనేట్ భోజనంతో వేసుకుంటేనే బాగా ఒంటికి పడుతుంది, పైగా థైరాయిడ్ మందుకు కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. మూడు నెలల తరువాత థైరాయిడ్ పరీక్ష గాడి తప్పినప్పుడు గానీ అది బయటపడలేదు. ఆ మాత్ర మీద 1250 మిల్లీగ్రాములని ఉన్నా, అందులో అసలు కాల్షియం 500 మాత్రమేనని కూడా అప్పుడే తెలుసుకున్నాను. మాత్రలు రాళ్ళ ముప్పును కొద్దిగా పెంచవచ్చు కాబట్టి, ఆహారం కుదరగానే వాటిని ఆపేయించారు.

ఇప్పుడు ఉదయం, రాత్రి ఒక్కో గ్లాసు పాలు, మధ్యాహ్నం ఒక గిన్నె పెరుగు తీసుకుంటున్నాను. ఈ మూడింటితో సుమారు 720 మిల్లీగ్రాములు అదనంగా చేరుతున్నాయి. ఒకేసారి కాక భోజనాలతోపాటు విడివిడిగా తీసుకోవడం వల్ల ఎక్కువ ఒంటికి పడుతుంది, ఆక్సలేట్‌కూ అడ్డుపడుతుంది. పాలకూర తగ్గించాను. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం పోతుంది కాబట్టి దాన్నీ తగ్గించాను. తక్కువగా ఉన్న విటమిన్ డిని మందుతో సరిచేశారు. అది చాలకపోతే తిన్న కాల్షియం పేగులోంచి సరిగా లోపలికి చేరదు.

రెండేళ్ళ తరువాత చేసిన స్కాన్‌లో టి-స్కోరు మైనస్ 2.0 వచ్చింది. అది యంత్రపు కొలతలో ఉండే తేడాయేననీ, ఎముక పెరిగిందని కాక తగ్గడం ఆగిందని అర్థం చేసుకోవాలనీ డాక్టరు గారు చెప్పారు. మూత్రంలో ఆక్సలేట్ తగ్గింది. కొత్త రాయి ఏర్పడలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మా అమ్మాయి సంగతి. నేను పాలు మానేసినప్పుడు తనకు ఐదేళ్ళు. ఇంట్లో ఎవరూ తాగని పాలు తనకూ అలవాటు కాలేదు. ఇప్పుడు పదహారేళ్ళు, రోజుకు 1300 మిల్లీగ్రాములు కావలసిన వయసు, ఎముక తన నిల్వను కూడబెట్టుకునే సమయం. వచ్చే ఆదివారం నుంచి తన ఏడు రోజుల లెక్క రాయబోతున్నాం.