తమ్ముడి కిట్, నాయిన లొట్టి

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది.

పొద్దున ఏడింటికే తమ్ముడి వీడియో కాల్. చెర్వుగట్టు జాతరకు వచ్చిన చుట్టాలంతా వెళ్ళిపోయి వారమైంది, ఇల్లు సద్దుమణిగి ఉంది. డల్లాస్‌లో అప్పటికి శనివారం రాత్రి ఏడున్నర. వాడు వారానికోసారి చేస్తాడు, "తిన్నవా నాయినా, గోలీలు ఏసుకున్నవా" అని అడుగుతాడు, రెండు నిమిషాల్లో మాట అయిపోతుంది. తొమ్మిదేళ్ళుగా అంతే. ఈరోజు మాత్రం "అక్కా, ఫోన్ నాయిన ముంగట పెట్టు, మళ్ళ కిట్ తెచ్చిన" అన్నాడు.

మా ఇంట్లో కిట్ అంటే కాటమయ్య రక్షణ కవచమే. 2024లో ప్రభుత్వం గీత కార్మికులకు ఇవ్వడం మొదలుపెట్టిన ఆ తాళ్ళూ బెల్టూ మా చిన్నాయిన కొడుక్కి వచ్చినప్పుడు నాయిన దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ప్రతి ముడినీ లాగి చూశాడు. ఆయన ముప్పై అయిదేళ్ళు తాటిచెట్లెక్కింది పాతకాలపు సరంజామా మోకు, ముస్తాదు, గుజితోనే. మోకాళ్ళు సహకరించక ఏడేళ్ళ కిందట మానేసి, నకిరేకల్ దగ్గరి ఊరు విడిచి నల్లగొండలో నా దగ్గర ఉంటున్నాడు.

తమ్ముడు చెప్పిన కిట్ ఇంట్లో బీరు తయారుచేసుకునేది. డిసెంబర్‌లో మొదటిసారి చేశాడు, అది పులిసిపోయింది. సీసా తీస్తే సిర్కా వాసన వచ్చిందట, అంతా సింకులో పారబోశాడు. వాడికి చాలా బాధేసింది. అప్పుడు నాయిన అడిగింది ఒక్కటే ప్రశ్న. "లొట్టి మంచిగ కడిగినవా?" లొట్టంటే చెట్టుకు కట్టి కల్లు పట్టే కుండ. తమ్ముడు డబ్బా కడిగాడు, మూత కడిగాడు. మధ్యలో రుచి చూడ్డానికి లోపలికి దించిన రబ్బరు గొట్టాన్ని మాత్రం కుళాయి కింద తిప్పి సరిపెట్టాడు. ఎక్కడ తప్పు జరిగిందో ఇక్కడ కూర్చునే నాయిన పట్టేశాడు. అందుకే రెండోసారి మొదలుపెట్టేటప్పుడు వాడికి నాయిన పక్కన కావాలనిపించింది. అది విన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది. వాడు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాయినను ఆయన పని గురించి అడగలేదు.

కిట్‌లో ఏమున్నాయో ఒక్కొక్కటీ కెమెరా ముందు పెట్టి చూపించాడు. దాదాపు నాలుగు లీటర్లు పట్టే గాజు జాడీ, దాని మూతికి బిగించే ఎయిర్‌లాక్, సన్న గొట్టం, థర్మామీటర్, సాంద్రత కొలిచే హైడ్రోమీటర్, సీసా మూతలు, మూతలు నొక్కే పరికరం. సరుకులేమో అరకిలో దాకా మాల్ట్ పొడి, గుడ్డసంచిలో కొంచెం దంచిన బార్లీ, పచ్చటి గోలీల్లాంటి హాప్స్, ఈస్ట్ ప్యాకెట్. పందొమ్మిది లీటర్ల కిట్లు కూడా ఉంటాయట. కొత్తవాళ్ళకు చిన్నదే మేలని నాకూ అనిపించింది. మామూలు వంటగిన్నెలో కాగుతుంది, పాడైతే పోయేది పది సీసాలే.

మొదటి ముప్పావు గంట కడగడమే. ముందు సబ్బుతో, తర్వాత క్రిములు చంపే ద్రావణంలో. ఈ రెండూ వేరువేరు పనులని తమ్ముడికి ఇప్పుడు బాగా తెలిసింది. కంటికి శుభ్రంగా కనిపించే గొట్టంలో కూడా సూక్ష్మజీవులు మిగులుతాయి. ఈసారి గరిటె, గరాటు, కత్తెర, చివరికి ఈస్ట్ ప్యాకెట్ పైభాగం కూడా ముంచాడు. నాయిన కళ్ళు ఆర్పకుండా చూశాడు. ఊళ్ళో ఉన్నప్పుడు ఆయన లొట్లను కడిగి, దడి మీద ఎండకు బోర్లించి, వాసన చూసి గానీ మళ్ళీ చెట్టుకు కట్టేవాడు కాదు. మా అమ్మ కడిగినా మళ్ళీ తానొకసారి చూసుకునేవాడు.

నీళ్ళ దగ్గర తమ్ముడు ఆగి, క్లోరిన్ వాసన బీరులోకి వస్తుందని కొన్న నీళ్ళు పోస్తున్నానన్నాడు. నీళ్ళ సంగతి నల్లగొండ వాళ్ళకు ఒకరు చెప్పాలా. ఫ్లోరైడ్ నీళ్ళు మరిగిస్తే బాగవుతాయని మా చిన్నప్పుడు చాలామంది నమ్మేవారు. మరిగిస్తే నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ అందులోనే ఉండి ఇంకా చిక్కనవుతుంది. పటిక, సున్నం కలిపి దాన్ని తేర్చే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ 'నల్లగొండ టెక్నిక్' అని మా జిల్లా పేరే పెట్టింది. స్కూల్లో పాఠం చెప్పేటప్పుడు ఆ మాట దగ్గర నా గొంతు ఇప్పటికీ మారుతుంది.

బార్లీ సంచిని డెబ్బై డిగ్రీల లోపు వేడి నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచి తీశాడు. తర్వాత మాల్ట్ పొడి. ఇదేంటని నాయిన అడిగితే నేను చెప్పాను. బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తే గింజలోని ఎంజైములు మేల్కొంటాయి. మొలకను ఎండబెట్టి, దంచి, వేడినీళ్ళలో ఉంచితే అవి పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ తియ్యటి రసాన్ని ఫ్యాక్టరీలోనే పాలపొడిలా ఎండబెట్టి ఇస్తారు కాబట్టి కొత్తవాళ్ళకు సగం కష్టం తప్పుతుంది. నాయిన కాసేపు ఆలోచించి, "మన తాడు గదంత తానే చేసిస్తది గద బిడ్డా" అన్నాడు. నిజమే. గెల గీస్తే కారే నీరాలో చక్కెర సిద్ధంగా ఉంటుంది. నానబెట్టేది లేదు, కాచేది లేదు. ఇరవై ఏళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్నాను, ఈ పోలిక నాకెప్పుడూ తట్టలేదు.

పొడి వేసేటప్పుడు మంట ఆపాలని కాగితంలో ఉంది. వాడు తగ్గించాడు గానీ ఆపలేదు. పాలు పొంగినట్టు ఒక్క క్షణంలో పొంగి స్టవ్ అంతా జిగటయింది. మరదలు బట్టతో పరుగెత్తుకొచ్చింది. అది తుడిచాక గంటసేపు మరిగించాడు. మొదట్లో వేసిన హాప్స్ చేదునిస్తాయి, చివరి అయిదు నిమిషాల్లో వేసినవి వాసననిస్తాయి. చేదెందుకని నాయిన సందేహం. హాప్స్ ఒక తీగకు కాసే పూలు, వాటి చేదు పులిపించే బ్యాక్టీరియాను చాలావరకు అణచిపెడుతుంది. కల్లుకు అలాంటి కాపలా ఏదీ లేదు. పొద్దున దించింది మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, సాయంత్రానికి పులుస్తుంది.

నాయిన జీవితమంతా ఆ పులుపుతో పరుగుపందెమే. తెల్లారకముందే చెట్ల దగ్గరుండేవాడు. ఎండెక్కక ముందే బింకి కుండలోని కల్లు, అది అమ్మే మండువాకు చేరాలి. చుట్టం చచ్చిపోయినా, జ్వరం కాసినా గీత తప్పకూడదు, తప్పితే గెల ఎండిపోతుంది. మా పెళ్ళిళ్ళప్పుడు కూడా ఆయన మధ్యలో వెళ్ళి చెట్టెక్కి వచ్చాడు. అప్పట్లో దానికి నేను అలిగాను. అందుకే తమ్ముడు "రెండు వారాలు జాడీల, ఇంక రెండు వారాలు సీసల ఉంచాలె" అన్నప్పుడు నాయిన నమ్మలేకపోయాడు. "నెల రోజులు ముట్టకుంట ఊకె ఉంచుతవా?" అని రెండుసార్లు అడిగాడు. ఆగడం కూడా పనే అవుతుందన్న సంగతి ఆయనకు కొత్త.

మరిగిన రసాన్ని త్వరగా చల్లార్చాలి. ఇది ముఖ్యం, చాలామంది కొత్తవాళ్ళు ఇక్కడే జారుతారు. గోరువెచ్చగా ఎక్కువసేపు ఉంటే గాలిలోంచి పడే ప్రతి బ్యాక్టీరియాకూ అది విందే. సింకులో ఐసు పోసి, గిన్నెను అందులో పెట్టి, అరగంటలో ఇరవై డిగ్రీలకు తెచ్చాడు. హైడ్రోమీటర్ 1.048 చూపించింది. పులియడం ముగిశాక 1.010కి దిగితే ఆల్కహాల్ దాదాపు 5 శాతం ఉన్నట్టు. ఈ రెండు అంకెల తేడాను 131తో గుణిస్తే చాలు. నాయినకు అంకెలు అక్కర్లేదు. చిటికెన వేలు ముంచి నాలుకకు రాసుకుంటే ఏ చెట్టు కల్లో, ఎన్ని గంటలకు దించిందో చెప్పేవాడు.

చివరికి జాడీలో పోసి, బాగా ఊపి, ఈస్ట్ చల్లాడు. ఊపడం ఎందుకంటే మొదట్లో ఈస్ట్ పెరగడానికి ఆక్సిజన్ కావాలి. ఆ తర్వాత గాలి తగలకూడదు. ఎయిర్‌లాక్ పని అదే. లోపలి కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలోంచి బుడగగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు.

"మనం ఈస్ట్ ఏసేది లేదు గద, మరి కల్లు ఎట్లయితది?" అని తమ్ముడు అడిగాడు. ఫోన్ నా చేతిలో ఉంది గానీ జవాబు నాయిన చెప్పాడు. నిన్నటి లొట్టి వాసనే ఇయ్యాల్టి కల్లును చేస్తదట. కొత్త లొట్టిలో ఆలస్యంగా లేస్తుంది, పాత లొట్టిలో చెట్టు మీదే పొంగుతుంది, లోపల సున్నం పూస్తే అసలు లేవదు, నీరాగానే ఉంటుంది. 1883లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో హాన్సెన్ అనే శాస్త్రవేత్త ఒక్క రకం ఈస్ట్‌ను విడదీసి పెంచేదాకా పెద్ద బ్రూవరీల్లో కూడా పాత బ్యాచ్‌లోంచి తీసిన ఈస్టే కొత్తదానికి వాడేవారు, అందులో చెడ్డ రకాలు కలిసి అప్పుడప్పుడు అంతా పాడయ్యేది. కల్లులో ఈస్ట్‌తో పాటు ఎన్నో బ్యాక్టీరియాలు కలిసి పనిచేస్తాయి. బీరులో మిగతా అందరినీ మరిగించి చంపి, ఒక్కరినే పిలుస్తాం. నేను ఇది చెబితే తమ్ముడు నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. నాయిన చెప్పినవి ఇంకా ఎక్కువ రాసుకున్నాడు.

కాల్ ముగిసేసరికి పదిన్నర అయింది. ఫోన్ కాలిపోతోంది.

ఆ జాడీ మన దగ్గర పెట్టలేం. 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం. అమెరికాలో కూడా 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసేదాకా అనుమతి లేదు. ఇప్పుడు ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంతానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు. చట్టం ఒప్పుకున్నా మా ఎండలు ఒప్పుకోవు. ఆ ఈస్ట్‌కు 18 నుంచి 22 డిగ్రీలు కావాలి, మే నెలలో నల్లగొండ 44 దాటుతుంది. వేడిలో ఈస్ట్ గాభరాగా పనిచేసి, ఘాటైన వాసనలు పుట్టిస్తుంది.

మధ్యాహ్నం నేను రేపటి ఎనిమిదో తరగతి పాఠానికి సీసా సిద్ధం చేశాను. గోరువెచ్చని నీళ్ళు, రెండు చెంచాల చక్కెర, చెంచాడు ఈస్ట్, మూతికి బెలూన్. మామూలుగా స్కూల్లోనే చేస్తాను, ఈసారి ఇంట్లో ఒకసారి చేసి చూడాలనిపించింది. నాయిన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. గంటలో బెలూన్ నిలబడింది. సీసా మూత గట్టిగా బిగిస్తే ఏమవుతుందని అడిగాడు. పగులుతుందన్నాను. తమ్ముడు సీసాల్లో నింపేటప్పుడు కూడా అదే ప్రమాదం. గ్యాస్ కోసం జాడీ మొత్తానికి పాతిక గ్రాముల చక్కెరే కలపాలి. పులియడం పూర్తికాకుండా సీసాకెత్తినా, చక్కెర ఎక్కువైనా గాజు పేలుతుంది. "వానికి చెప్పినవా? మల్లొకపారి చెప్పు" అన్నాడు. మెసేజ్ పెట్టేదాకా ఊరుకోలేదు. రెండు రోజుల తేడాతో తీసిన రీడింగులు ఒకేలా ఉంటేనే సీసాల్లో పోయమని రాశాను.

రాత్రి అన్నాలు తిన్నాక, పదిన్నరకు తమ్ముడి నుంచి చిన్న వీడియో. అక్కడ పొద్దున పదకొండు. బట్ట కప్పి చీకటి అల్మారాలో పెట్టిన జాడీ, పైన వేలెడు మందం నురగ, ఎయిర్‌లాక్‌లో నీళ్ళు కదులుతున్నాయి. నాయిన అప్పటికే పడుకున్నాడు. లేపనా వద్దా అని ఆలోచిస్తుంటే ఆయనే "ఏందది" అని లేచాడు.

చూపించాను. కళ్ళద్దాలు లేవు, బొమ్మ సరిగా కనిపించలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు, చెట్టు దిగాక లొట్టిని చెవి దగ్గర పెట్టుకున్నట్టే. బుడుక్, కాసేపాగి మళ్ళీ బుడుక్.

"లేసింది," అన్నాడు. "మల్లొకపారి పెట్టు."

నాలుగుసార్లు పెట్టాను.