మొదటి ఆప్షన్ ఒడియా

"అమ్మా, నా మొదటి ఆప్షన్ ఒడియా ఆనర్స్. విశాఖ వెళ్లను" అంది మా అమ్మాయి. ప్లస్ టూ ఫలితాలు ఇంకా రానేలేదు. మార్కుల గురించి పెట్టుకున్న బెంగ ఆ మాటతో పక్కకు పోయింది.

మాది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు. 1936లో ఒడిశా ఏర్పడి ఈ ఊరు అందులో చేరినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఈ సంగతి పిల్లకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను. ఈసారి తను, "ఆయన వెళ్లారు సరే. మన ముత్తాతలు ఉండిపోయారు కదా, వాళ్ల సంగతి ఎప్పుడూ చెప్పవేం?" అని అడిగింది. జవాబు దొరకలేదు. అయినా నా పట్టు నేను విడవలేదు. ప్లస్ టూలో మాతృభాష పేపరుగా తెలుగు తీసుకోమంటే ఒడియా తీసుకుంది. డిగ్రీలోనైనా మూడేళ్లో నాలుగేళ్లో తెలుగు మధ్య ఉండాలని నా కోరిక.

ఫలితాల కోసం ఎదురుచూస్తున్న, ఒడిశాలోని మనలాంటి తెలుగు ఇళ్లవాళ్లకు ఒక మాట. ముందు పిల్లల పేరు సరిచూసుకోండి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఇక్కడ దాన్ని "టైటిల్" అంటారు, చివర వేస్తారు. మా అమ్మాయి ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో పూర్తిగా చివరుంది. కాలేజీలో చేరే రోజున గుమాస్తా ముందు నిలబడి ఈ రెండు పేర్లూ ఒకే పిల్లవని నిరూపించుకోవడం కన్నా, ఇప్పుడే ఎండలో తిరిగి సరిచేయించుకోవడం నయం. ఫలితాల వెబ్‌సైటు ఆ రోజు మొరాయిస్తే, సర్టిఫికెట్లు ఆన్‌లైన్‌లో దాచే ప్రభుత్వ యాప్ డిజీలాకర్ ఆదుకుంటుంది, ఖాతా ముందే తెరిచి ఉంచండి. మార్కులు అనుకున్నదానికన్నా తగ్గితే రీచెకింగ్‌కు పెట్టండి, కానీ దాని కోసం ప్రవేశాల దరఖాస్తు ఆపకండి.

ఒడిశాలో డిగ్రీ సీటుకు సామ్స్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్‌లో ఒకే దరఖాస్తు. కాలేజీ, సబ్జెక్టు కలిపి మనకు నచ్చిన వరుసలో పెట్టుకోవాలి. ఆ వరుసను పై నుంచి చూసుకుంటూ వచ్చి, మార్కులకు అందిన మొదటి చోట సీటు ఇస్తారు. అందుకని "ఎలాగూ రాదులే" అని ఇష్టమైనదాన్ని కిందికి నెట్టకూడదు. కింది ఆప్షన్‌లో వస్తే ముందు చేరాలి, తర్వాత స్లైడ్-అప్, అంటే పై ఆప్షన్‌కు మార్పు, అడగాలి. చేరకుండా కూర్చుంటే చేతికొచ్చిన సీటూ పోతుంది.

ఆంధ్ర వైపు లెక్క వేరు. అక్కడ 85 శాతం సీట్లు స్థానికులవి. మా అమ్మాయి చదువంతా ఒడిశాలో కనుక ఆ లెక్కలోకి రాదు. మిగిలిన 15 శాతానికి పోటీ పడాలన్నా, తల్లిదండ్రుల్లో ఒకరు ఆ రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించినట్లు కాగితం కావాలి. పెళ్లయ్యేదాకా నేను పెరిగింది టెక్కలిలో. అంటే నా నివాస ధ్రువపత్రం మీద నా కూతురు అక్కడ అడుగుపెట్టాలి. మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా తోడు కావాలి.

అక్కడికొచ్చేసరికి నాకు మాట తడబడుతోంది. ఇంత శ్రమపడి పంపేది ఎవరి కోసం? ఉదయం ట్యూషన్‌కు వెళ్తూ తను ఫ్రిజ్ మీద చీటీ అంటించి వెళ్తుంది: "అమ్మా, పప్పు నానబెట్టాను, పాలు కాచాను." మాటలన్నీ తెలుగే, అక్షరాలన్నీ ఒడియా. గుండ్రటి ఆ అక్షరాలను నేను తడుముకోకుండా చదువుతాను. కూరగాయల బేరం ఒడియాలోనే ఆడతాను. ఒడియావాళ్ల రజొ పండక్కి పొడొపిఠా అనే పిండివంట ఇంట్లో చేసేది నేనే. ఈ ఊరు నాకు అత్తవారిల్లు, తనకు పుట్టిల్లు. నేను టెక్కలిని వదులుకోలేనట్టే తను దీన్ని వదులుకోలేదని తెలుసు. తెలిసినా, తన పిల్లలకు ఆ చీటీలోని మాటలైనా మిగులుతాయా అన్న భయం నన్ను వదలడం లేదు. డిగ్రీ చదువుతో ఆ భయం తీరుతుందా అంటే, తీరుతుందని కూడా చెప్పలేను.

కాగితం మీద వరుస సిద్ధమైంది. బరంపురంలో ఒడియా మొదటిది, మా ఊరి కాలేజీలో ఒడియా రెండోది, నా మాట మన్నించి చరిత్ర మూడోది. టెక్కలి వెళ్లి నివాస ధ్రువపత్రం మాత్రం తీసుకొస్తాను. రేపు పీజీకైనా అక్కరకు రావచ్చు. ఆప్షన్లు లాక్ చేసేలోగా విశాఖ సంగతి తనను ఇంకొకసారి అడుగుతాను.