సెయింట్ మార్టిన్ నుంచి ఒక్క రోజు పడవ ప్రయాణం: మూడు దీవుల్లో ఏది?

జనవరిలో మేము నలుగురం, అంటే నేను, మా వారు, 11 ఏళ్ళ మా అమ్మాయి, 68 ఏళ్ళ మా అమ్మ, కరీబియన్ సముద్రంలోని సెయింట్ మార్టిన్ దీవిలో ఎనిమిది రోజులు ఉన్నాము. అందులో ఒక రోజు పొద్దున్నే పడవెక్కి పక్క దీవి చూసి సాయంత్రానికి తిరిగి రావాలని ముందే అనుకున్నాము. ఏ దీవికి వెళ్ళాలన్నది మాత్రం అక్కడ దిగిన తరువాత మూడు రోజులకు గాని తేలలేదు. ఆ మూడు రోజుల్లో నేను తెలుసుకున్నది రాసి పెట్టాలనిపించింది. చదివిన సమాచారమంతా ఏ దీవిలో ఇసుక తెల్లగా ఉంటుంది, ఏ దీవిలో భోజనం బాగుంటుంది అన్న దగ్గరే ఆగిపోయింది. రెండు దీవుల నడుమ ఉన్న సముద్రం ఆ రోజు ఎలా ఉంటుందన్న ప్రశ్నను మాత్రం ఎవరూ ముందు పెట్టలేదు. మాకు చివరికి దారి చూపింది ఆ ప్రశ్నే.

సెయింట్ మార్టిన్ విస్తీర్ణం సుమారు 87 చదరపు కిలోమీటర్లు. అంత చిన్న నేలను 1648లో కుదిరిన ఒప్పందం ప్రకారం రెండు దేశాలు పంచుకున్నాయి. ఉత్తర భాగం ఫ్రాన్సుది, దాని ముఖ్య పట్టణం మారిగో. దక్షిణ భాగం నెదర్లాండ్స్ రాజ్యంలోది, దాని ముఖ్య పట్టణం ఫిలిప్స్‌బర్గ్. నడుమ గేటు గాని తనిఖీ గాని లేనందువల్ల ఎటువైపు బస చేసినా రెండు వైపుల రేవులూ అందుబాటులోనే ఉంటాయి. ఒక్క రోజులో వెళ్ళి రాదగిన దీవులు ముఖ్యంగా మూడు: ఉత్తరాన బ్రిటిష్ ఏలుబడిలోని ఆంగ్విల్లా, ఆగ్నేయంగా ఫ్రెంచి వారి సెయింట్ బార్తెలెమీ, నైరుతి దిక్కుగా డచ్చి వారి సాబా. ఆకాశం తేటగా ఉంటే తీరంలోని తగిన చోట్ల నుంచి మూడూ కంటికి కనిపిస్తాయి. కంటికి కనిపిస్తున్నాయి గనుక మూడూ ఒకటే దూరమన్న భ్రమ కలగడం సహజం. నాకూ కలిగింది.

మొదట నా మనసు సెయింట్ బార్తెలెమీ మీదే ఉండింది. అందరూ దానిని సెయింట్ బార్ట్స్ అంటారు. కొలంబస్ తన తమ్ముడు బార్తొలొమేయో పేరు దానికి పెట్టాడు. 1784 నుంచి 1878 దాకా అది స్వీడన్ చేతిలో ఉండింది. దాని ముఖ్య పట్టణం గుస్తావియాకు స్వీడన్ రాజు మూడవ గుస్తావ్ పేరే నేటికీ నిలిచి ఉంది. రేవులో దిగితే ఊరంతా నడిచి చూడవచ్చు, నడకదూరంలోనే గవ్వలు పరచుకున్న షెల్ బీచ్ ఉంది, అంటే వాహనం అద్దెకు తీసుకోకుండానే రోజు గడిచిపోతుంది. వృద్ధురాలైన తల్లితో వెళ్ళేవాళ్ళకు ఇంతకంటె అనువైనది ఉండదనుకుని టికెట్లు కొనబోయాను.

మా బసలో పనిచేసే ఒక పెద్దావిడ మా అమ్మను చూసి, “అమ్మగారికి ప్రయాణాల్లో కడుపు తిప్పుతుందా?” అని అడగకపోతే కొనేసేదాన్ని కూడా. తిప్పుతుందన్నాను. అయితే సెయింట్ బార్ట్స్ పడవ ఎక్కించే ముందు తాటిచెట్ల వైపు చూడమని ఆవిడ చెప్పింది. మట్టలన్నీ ఒకే దిక్కుకు, పడమటికి వాలి ఉన్నాయి.

ఆ ప్రాంతంలో ఏడాది పొడవునా తూర్పు నుంచీ ఈశాన్యం నుంచీ వ్యాపార పవనాలు వీస్తాయి. డిసెంబరు చివర నుంచి జనవరి దాకా అవి ఇంకా బలపడతాయి. అక్కడి వారు వాటిని క్రిస్మస్ గాలులంటారు. అట్లాంటిక్ మీదుగా వేల కిలోమీటర్లు అడ్డులేకుండా వచ్చిన గాలి అలలను కూడా అదే దిక్కు నుంచి తోసుకువస్తుంది. సెయింట్ బార్ట్స్ ఆగ్నేయంగా ఉన్నందువల్ల పోయేటప్పుడు పడవ ఆ గాలినీ అలలనూ ముక్కుతో ఢీకొంటూ పోవాలి, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం అవే వెనుక నుంచి తోస్తాయి. 45 నిమిషాల నుంచి గంట దాకా పట్టే ప్రయాణమే అయినా, పొద్దున పూట ఖాళీ కడుపుతోనో అప్పుడే తిన్న కడుపుతోనో ఆ గంట గడపడం కడుపు తిప్పే మనిషికి శిక్షే. అలా దిగిన మనిషి ఆ తరువాత మూడు నాలుగు గంటలు ఏ అందాన్నీ ఆస్వాదించలేదు. గాలి తక్కువగా ఉండే నెలల్లో ఇదే ప్రయాణం హాయిగా సాగుతుందని చాలామంది చెప్పారు. నేను సెయింట్ బార్ట్స్‌ను వదులుకున్నది దీవి నచ్చక కాదు, ఆ వారపు గాలికి భయపడి.

సాబా సంగతి వేరు. ఈ మూడింటిలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది అదే, ఇప్పటికీ ఆకర్షిస్తున్నదీ అదే. స్థానికులు దానిని సేబా అని పలుకుతారు. 13 చదరపు కిలోమీటర్ల అగ్నిపర్వతం సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచి, మబ్బు తలపాగా చుట్టుకుని నిలబడినట్టు ఉంటుంది. దాని శిఖరమైన మౌంట్ సీనరీ నెదర్లాండ్స్ రాజ్యం మొత్తంలోకీ ఎత్తయినది. ఆ దీవిలో రోడ్డు వేయడం అసాధ్యమని ఇంజినీర్లు తేల్చేస్తే, జోసెఫస్ లాంబర్ట్ హాసెల్ అనే సాబా వాసి తపాలా ద్వారా రోడ్ల నిర్మాణం చదువుకుని, ఊరివాళ్ళను కూడగట్టి, 1938లో పని మొదలుపెట్టి యంత్రాల సాయం లేకుండా రోడ్డు వేయించాడు. అంతకుముందు ఒడ్డుకు చేరిన ప్రతి వస్తువునూ కొండరాతిలో తొలిచిన 800 మెట్ల మీదుగా మనుషులే తలమీద మోసుకుపోయేవారు. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఆ రోడ్డును కళ్ళారా చూడాలని అంతగా అనిపించింది.

కానీ సాబాకు పడవ వారంలో కొన్ని రోజులే ఉంటుంది, ప్రయాణం గంటన్నర దాకా పడుతుంది, నడుమ 45 కిలోమీటర్ల బయలు సముద్రం. అటు పోయేటప్పుడు గాలి పక్క నుంచీ వెనుక నుంచీ వస్తుంది కనుక ప్రయాణం ఫరవాలేదు గాని, సాయంత్రం అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురవుతుంది. పైగా ఆ దీవిలో చెప్పుకోదగ్గ ఇసుక తీరం లేదు. అక్కడికి వెళ్ళేవారు నీటి అడుగున ఈదడానికో, మౌంట్ సీనరీకి వెళ్ళే 1,064 మెట్లు ఎక్కడానికో వెళతారు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మనూ, సముద్రంలో ఆడుకోవాలని ఆశపడే పిల్లనూ తీసుకుని అక్కడికి వెళ్ళడం నా కోరికను వాళ్ళ మీద రుద్దడమే అవుతుంది. సాబాకు ఒక పగలు చాలదని, కనీసం ఒక రాత్రి ఉండాలని కూడా నా అభిప్రాయం.

ఇక మిగిలింది ఆంగ్విల్లా. సన్నని చోట ఆ జలసంధి వెడల్పు సుమారు 8 కిలోమీటర్లు మాత్రమే. మారిగో నుంచి ఆంగ్విల్లా దక్షిణ తీరంలోని బ్లోయింగ్ పాయింట్ రేవుకు ఫెర్రీ అరగంట లోపే చేరుస్తుంది. దారి ఉత్తరంగా సాగుతుంది కనుక గాలి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ పక్క నుంచే వస్తుంది, ఎటూ పూర్తిగా ఎదురు కాదు. శీతకాలంలో అప్పుడప్పుడు ఉత్తర అట్లాంటిక్ తుఫానుల నుంచి వచ్చే పెద్ద అలల పోటు ఆంగ్విల్లా ఉత్తర తీరాన్ని కొడుతుంది గాని, దక్షిణ తీరంలోని రేవుకు ఆ దీవే అడ్డుగోడగా నిలుస్తుంది. మారిగో మీద కొండపై ఫోర్ట్ లూయి అనే పాత కోట ఉంది. వరసగా రెండు రోజులు పొద్దున అక్కడికి ఎక్కి జలసంధిని చూశాను. తెల్లని నురగలు విరుగుతూనే ఉన్నాయి, అయినా ఫెర్రీలు పెద్దగా ఊగకుండా పోతున్నాయి. డబ్బు కట్టే ముందు ఎవరైనా చేయదగిన పని ఇదే: మీరు వెళ్ళే వేళకు ఒకరోజు ముందు ఎత్తయిన చోటు నుంచి ఆ దారిని కళ్ళతో చూడండి.

ఆంగ్విల్లాకే వెళ్ళదలిస్తే ఫెర్రీ ఒక్కటే మార్గం కాదు. భోజనం, ఈత అన్నీ కలిపి రోజంతా తిప్పే కాటమరాన్ అనే జంట అడుగుల పడవలు కూడా ఉన్నాయి (ఈ మాట పుట్టింది తమిళుల కట్టుమరం నుంచి అని తలచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది). వాటిలో కొన్ని ఆంగ్విల్లాకు ఉత్తరాన ఉన్న ప్రిక్లీ పేర్ అనే చిన్న దీవులకు వెళతాయి. అక్కడ నీళ్ళు అద్భుతంగా ఉంటాయని విన్నాను, నమ్ముతాను కూడా. అయితే అది ఆంగ్విల్లా చాటు దాటి బయటి సముద్రంలోకి పోవడమే, ఉత్తరపు పోటు ఉన్న రోజు ఒడ్డుకు దిగడమే కష్టం. ఒక కార్యాలయంలో, సముద్రం బాగులేక దారి మారిస్తే డబ్బు తిరిగి ఇస్తారా అని అడిగాను. సూటిగా జవాబు రాలేదు, “ఎక్కడో ఒకచోట ఈతకైతే ఆపుతాం” అన్నారు. అలాంటి జవాబు విన్నప్పుడు అక్కడి నుంచి లేచి రావడమే మంచిది. నిర్ణయం ఎవరు, ఏ గంటకు చేస్తారు, రేవు రుసుములు ధరలో కలిసి ఉన్నాయా, దీవిలో దిగి నడవనిస్తారా లేక లంగరు వేసి ఈతతో సరిపెడతారా, ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవారితోనే నేను బేరం మాట్లాడతాను.

కాగితాల విషయం తక్కువగా రాస్తాను గాని తేలికగా తీసుకోవద్దు. ఒక్క పగటి ప్రయాణమైనా ఇది మరో దేశపు సరిహద్దు దాటడమే, పాస్‌పోర్టు వెంట ఉండాలి. ఫ్రెంచివైనా డచ్చివైనా ఈ కరీబియన్ దీవులేవీ షెంగెన్ (ఐరోపా దేశాల ఉమ్మడి వీసా) పరిధిలో లేవు, ఆంగ్విల్లా నియమాలు వేరు. కనుక వెళ్ళే చోటికి మాత్రమే కాక తిరిగి సెయింట్ మార్టిన్‌లో అడుగు పెట్టడానికీ మీ వీసా చెల్లుతుందో లేదో సరిచూసుకోవాలి. ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసాతో పక్క దీవికి వెళితే సాయంత్రం రేవులో నిలబడిపోయే ప్రమాదం ఉంది. ఆంగ్విల్లాలో తూర్పు కరీబియన్ డాలరు నడుస్తుంది. 1976 నుంచి ఒక అమెరికా డాలరుకు 2.70 అన్న మారకం అలాగే ఉంది, అమెరికా డాలర్లు కూడా తీసుకుంటారు.

మేము వెళ్ళింది ఐదవ రోజు. పడవ ఎక్కడానికి ముప్పావు గంట ముందు అమ్మకు మాత్ర ఇచ్చాను, రొట్టె మాత్రం తినిపించాను, పడవ వెనుక భాగంలో కింది అంతస్తులో గాలి తగిలే చోట కూర్చోబెట్టి దూరంగా కనిపించే ఒడ్డునే చూస్తూ ఉండమన్నాను. ఆవిడ అలాగే చూస్తూ కూర్చుంది. ఆంగ్విల్లా బల్లపరుపుగా ఉండే సున్నపురాతి దీవి, పొడవు 26 కిలోమీటర్లు, ఎత్తయిన కొండలు లేవు. టాక్సీ ధరలు ప్రభుత్వమే నిర్ణయించినందువల్ల బేరమాడే పని లేకుండా పోయింది. పొద్దున షోల్ బేలో మా అమ్మాయి రెండున్నర గంటలు నీళ్ళలోంచి బయటికి రాలేదు. మధ్యాహ్నం రెండెవూ బేలో అమ్మ చెప్పులు విడిచి తడి ఇసుక మీద చాలా దూరం నడిచింది. ఎదురుగా నీలి నీళ్ళ అవతల సెయింట్ మార్టిన్ కొండలు. పొద్దున మనం లేచింది అక్కడేనా అని రెండుసార్లు అడిగింది.

ఆ తీరంలో ఒక చిన్న తెరచాప పడవను చూసి మా వారు వాకబు చేస్తే, పడవ పందెమే ఆ దీవి జాతీయ క్రీడ అని తెలిసింది. ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్ళలో ఆంగ్విల్లా మగవాళ్ళు చెరకు నరికే పనికి పడమటన ఉన్న డొమినికన్ రిపబ్లిక్‌కు తెరచాప పడవల్లో పోయేవారు. పోవడం వాలుగాలికి సులువే, ఇంటికి రావడం మాత్రం రోజుల తరబడి ఎదురుగాలితో పోరాటం. ఆ తిరుగు దారిలో ఎవరు ముందు ఇల్లు చేరతారన్న పోటీయే పందెంగా నిలిచిందట. గంట ఎదురుగాలికి జంకి దీవిని మార్చుకున్న నేను ఆ మాట విని చాలాసేపు ఆ పడవ వైపే చూస్తూ ఉండిపోయాను.

చివరి ఫెర్రీ కోసం ఆగకుండా దానికి ముందుదానికే బయలుదేరాము, అది తప్పినా మరొకటి ఉంటుందన్న ధైర్యం కోసం. తిరుగుప్రయాణానికని ఉంచిన రెండో మాత్రను రేవులో అమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని చీర కొంగున ముడివేసుకుని, పడవ వెనుక పొద్దున కూర్చున్న చోటే కూర్చుని, ఈసారి ఆంగ్విల్లా వైపు తిరిగి చూస్తూ వచ్చింది. మారిగోలో దిగాక ముడి విప్పి మాత్రను నా చేతికి తిరిగి ఇచ్చింది.