చంకల కింద చేయి వేయకూడదు

కేర్ వర్కర్లకు బ్రిటన్ 2022 ఫిబ్రవరిలో వీసా దారి తెరిచాక లెస్టర్‌కు వచ్చినవాళ్లలో నేనూ ఒకదాన్ని. వృద్ధుల ఇళ్లకు వెళ్లి చూసుకునే ఈ పనిలో, తెనాలిలో మా నాయనమ్మను మంచం మీద నుంచి లేపిన పద్ధతిని నాచేత ముందుగా మాన్పించారు. చంకల కింద చేతులు వేసి లాగితే వాళ్ల భుజం దెబ్బతింటుంది, మన నడుమూ పోతుంది. వాళ్లే కుర్చీ అంచుకు జరిగి, పాదాలు వెనక్కి పెట్టుకుని, కుర్చీ చేతుల మీద బరువు మోపి లేవాలి. నిలబడ్డాకే జిమ్మర్ ఫ్రేమ్ (నడవడానికి ఊతమిచ్చే నాలుగు కాళ్ల చట్రం) పట్టుకోవాలి. ముందే పట్టుకుని లాగితే అది మీదికే ఒరుగుతుంది.

ఉదయం నేను వెళ్లేది 86 ఏళ్ల ఒక పెద్దావిడ ఇంటికి. మెట్లు ఇరుకు, పడకగదీ స్నానాలగదీ పైన. మోకాళ్లు అరిగాక ఆవిడ మంచం కింది అంతస్తు ముందుగదిలోకి దిగింది, పక్కన కమోడ్ కుర్చీ చేరింది. తన ఇంటి పై అంతస్తును ఆవిడ రెండేళ్లుగా చూడలేదు. మెట్ల లిఫ్టు వంటి మార్పులకు ఇంగ్లండ్‌లో స్థానిక కౌన్సిల్ ద్వారా 30,000 పౌండ్ల వరకు గ్రాంటు ఉంది కానీ, ఆదాయం లెక్కలు, ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాయపడే నిపుణులు) పరిశీలన, ఆపైన నిరీక్షణ. ఈలోగా కుర్చీ కాళ్ల కింద పెట్టిన ఎత్తు దిమ్మలే ఎక్కువ అక్కరకొచ్చాయి.

నాకిచ్చిన సమయం అరగంట. ఆవిడ తనంతట తాను లేచి సింకు దాకా నడిచి ముఖం కడుక్కుంటే పన్నెండు నిమిషాలు పడుతుంది, నేను గిన్నెలో నీళ్లు తెచ్చి తుడిస్తే మూడు. తరువాతి ఇంటికి ఆలస్యమైతే సంజాయిషీ నాదే. ఇంటికీ ఇంటికీ మధ్య ప్రయాణానికి మా సంస్థ జీతం కట్టదు, వీసా ఆ సంస్థకే ముడిపడి ఉంది కనుక గట్టిగా అడగలేను. అందుకని, ‘నడవగలరు, పక్కన ఉంటే చాలు’ అని కేర్ ప్లాన్‌లో ఉన్నా, చాలా రోజులు తుడిచేశాను. పైగా ‘నువ్వు కూర్చో నాయనమ్మా, నేను తెస్తాగా’ అంటూ పెరిగినదాన్ని. పెద్దవాళ్లను లేవనీయకపోవడమే మర్యాద అనుకున్నాను. నెల తిరిగేసరికి, రెండో ప్రయత్నానికి లేచే ఆవిడకు నాలుగు పట్టసాగాయి.

ఇప్పుడు కెటిల్ ఆన్ చేసి వచ్చి, ఫ్రేమ్ ఎదురుగా పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నాను. నీళ్లు మరిగేలోపు లేస్తే నాకూ ఆలస్యం కాదు. నిన్న మూడోసారికి లేచారు. “కెటిల్ గెలిచింది, డక్” అన్నారు. డక్ అంటే ఇక్కడి ఆప్యాయపు పిలుపు. మొదట్లో బాతు అంటున్నారేమిటని నొచ్చుకున్నాను.