కారు ఆగే ముందు ఎందుకు వణికింది: నా అనుభవం

నిన్న రాత్రి పదకొండు దాటాక మా కంప్యూటర్ సిమ్యులేషన్ మోడల్‌లో కారు కదలకుండా ఆగింది. ఇందులో ఏముంది అనిపించవచ్చు గానీ, దాన్ని అలా ఆపడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. పడిన తిప్పలు మర్చిపోకముందే రాసేస్తున్నాను.

వంద కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారుకి గట్టిగా బ్రేక్ వేస్తే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేక్ వ్యవస్థ) ఎలా పనిచేస్తుందో చూడాలి. పొడి రోడ్డు మీద మూడు సెకన్లకు అటూ ఇటూగా ఆగిపోతుంది. ముందూ వెనకా కలిపి పది సెకన్ల సిమ్యులేషన్. స్టెప్ సైజ్‌ని, అంటే ఒక్కో లెక్కకి కాలం ఎంత ముందుకి జరగాలో, సాల్వర్‌కే (సమీకరణాలు లెక్కించే ప్రోగ్రామ్‌కే) వదిలేస్తే దానికి నలభై నిమిషాలు పట్టేది. ఒక మిల్లీసెకను ఫిక్స్‌డ్ స్టెప్ పెడితే కొన్ని సెకన్లలో అయిపోయేది గానీ, చివర్లో నాలుగు చక్రాలూ వణికి, ఆ తర్వాత కారు మొత్తం ఊగి, ఆఖరికి ఫలితాల్లో అంకెలు పోయి వరసగా ‘నాన్’ (NaN, అంటే ‘అంకె కాదు’) అని వచ్చేది. మాకు కావాల్సింది ఫిక్స్‌డ్ స్టెప్పే. ఈ మోడల్ చివరికి నిజమైన ఏబీఎస్ కంట్రోలర్‌తో కలిసి నడవాలి. కంట్రోలర్ మన కోసం ఆగదు. మిల్లీసెకను లెక్క మిల్లీసెకనులోపే పూర్తవ్వాలి.

తేలికవి ముందు చెప్పేస్తాను. ఫలితాల ఫైల్ నెట్‌వర్క్ డ్రైవ్‌లోకి రాస్తోంది, దాన్ని లోకల్ డిస్క్‌కి మార్చాను. ప్రతి వేరియబుల్‌నీ లాగ్ చేయడం ఆపి, కావాల్సినవే ఉంచాను. త్రీడీ యానిమేషన్ విండో మూసేశాను. నలభై నిమిషాలు ఇరవై ఆరుకి దిగింది. ఒక సస్పెన్షన్ బుష్ (రబ్బరు జాయింట్) స్టిఫ్‌నెస్ (గట్టిదనం) మిల్లీమీటరుకి న్యూటన్లలో ఉంటే, ఎవరో దాన్ని రెండుసార్లు మీటరుకి మార్చారు. అంటే వెయ్యి రెట్లు ఎక్కువ. స్టిఫ్‌నెస్ వెయ్యి రెట్లయితే ఆ భాగం కంపించే ఫ్రీక్వెన్సీ ముప్పై రెట్లు దాటుతుంది, దాన్ని వెంబడించడానికి సాల్వర్ అంత చిన్న అడుగులు వేస్తుంది. అది సరిచేస్తే పదకొండు నిమిషాలు. ఇదంతా రెండు రోజుల పని.

ఆ తర్వాత పదిహేడు రోజులూ ఆ వణుకుతోనే సరిపోయింది.

సాఫ్ట్‌వేర్ సపోర్ట్‌కి మోడల్, గ్రాఫులు, ఏ సెకనులో మొదలవుతోందో అన్నీ పెట్టి రెండు పేజీల మెయిల్ రాశాను. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయమని జవాబొచ్చింది. చేశాను. కంప్యూటర్ వివరాలు పంపమన్నారు. మొదటి మెయిల్లోనే ఉన్నాయి, అయినా మళ్లీ పంపాను. మూడో జవాబు ఒకటే లైను: ‘సాఫ్ట్‌వేర్‌లో సమస్య లేదు, మీ మోడల్ సరిచూసుకోండి.’ రివ్యూ మీటింగ్‌లో క్లయింట్ ముందు మా మేనేజర్ ఆ లైన్ పైకి చదివారు. స్క్రీన్ మీద అప్పుడే కారు వణకడం మొదలైంది. వెనక వరసలోంచి ఎవరో ‘బేసిక్స్ చూసుకోవాలి కదండీ’ అన్నారు. పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఆ మాటకి చెవులు వేడెక్కాయి. జవాబు నా దగ్గర లేదు కాబట్టి నోరు విప్పలేదు.

ఆ మీటింగ్‌లో తేల్చింది పెద్ద మెషీన్ కొనాలని. ముప్పై రెండు కోర్ల వర్క్‌స్టేషన్ వచ్చింది. పదకొండు నిమిషాలు తొమ్మిదయింది. ఫిక్స్‌డ్ స్టెప్‌లో అదే ‘నాన్’, అదే చోట, కాస్త ముందుగా వచ్చింది. ఒక కారు సిమ్యులేషన్‌లో ఈ స్టెప్ లెక్క తేలితే గానీ తర్వాతి స్టెప్ మొదలవదు. వంద కోర్లున్నా ఒకదాని వెనక ఒకటి చేయాల్సిన పనే. వంద రకాల టైర్లతో వంద రన్లు వేయాలంటే కోర్లు అక్కరకొస్తాయి. ఒక్క రన్ తొందరగా అవ్వాలంటే ఒక్కో కోర్ వేగమే చూడాలి. సమస్య ఏమిటో తెలియకుండా డబ్బు ఖర్చు పెట్టి, ‘చేయాల్సింది చేశాం’ అనుకోవడం నాకు నచ్చదు. అదే డబ్బుతో ఒక మనిషిని వారం పాటు ఆ మోడల్ ముందు కూర్చోబెట్టినా పని అయ్యేది.

దారి చూపింది మా పక్క టీమ్‌లో కంట్రోల్స్ చూసే ఆవిడ. నా గ్రాఫులన్నీ చూసి ఒక్కటే అడిగారు: ‘ఏ టైమ్‌కి అన్నది సరే, ఏ వేగం దగ్గర మొదలవుతోందండీ?’

అప్పటిదాకా నేను గీసినవన్నీ టైమ్ మీద గీసిన గ్రాఫులే. వేగం మీద గీశాను. వందతో మొదలుపెట్టినా, అరవైతో మొదలుపెట్టినా, వణుకు గంటకి పదమూడు కిలోమీటర్ల దగ్గరే మొదలవుతోంది. ప్రతిసారీ అక్కడే.

ఇక కాగితం మీద లెక్క వేశాను. చక్రం అంచు వేగానికీ కారు వేగానికీ ఉన్న తేడాని కారు వేగంతో భాగిస్తే వచ్చేది స్లిప్. మా టైరు మోడల్ 1987 నుంచి పేపర్లలో ఉన్న, డచ్ టైరు పరిశోధకుడు హాన్స్ పసెయ్కా పేరుతో అందరికీ తెలిసిన మ్యాజిక్ ఫార్ములా. దానికి స్లిప్ ఇస్తే బలం ఇస్తుంది. వేగం తగ్గేకొద్దీ హారం చిన్నదవుతుంది, చక్రం వేగంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా బలం ఎగిరిపడుతుంది. టైరు స్లిప్ స్టిఫ్‌నెస్ (స్లిప్‌కి ఎంత బలం పుడుతుందో చెప్పే అంకె) 80,000 న్యూటన్లు, వ్యాసార్థం 0.3 మీటర్లు, చక్రం ఇనర్షియా (తిరిగే వేగం మారకుండా అడ్డుకునే జడత్వం) 1 కిలోగ్రామ్-చదరపు మీటరు. స్టిఫ్‌నెస్‌ని వ్యాసార్థం వర్గంతో గుణించి, ఇనర్షియాతోనూ వేగంతోనూ భాగిస్తే, చక్రం సర్దుకునే రేటు సెకనుకి 7,200 భాగించు వేగం. మామూలు ఆయిలర్ పద్ధతిలో (ఇప్పటి రేటుతోనే తర్వాతి స్టెప్‌కి దూకే లెక్కలో) ఒక మిల్లీసెకను స్టెప్ తట్టుకునే రేటు, 2ని స్టెప్‌తో భాగిస్తే వచ్చే 2,000 దాకానే. 7,200ని 2,000తో భాగిస్తే సెకనుకి 3.6 మీటర్లు, అంటే గంటకి పదమూడు కిలోమీటర్లు. కాగితం మీద ఆ అంకె చూసినప్పుడు పొందిన సంతోషం ఈ పన్నెండేళ్లలో రెండు మూడుసార్లు పొంది ఉంటాను.

అయినా నమ్మకం చాలక, కారు మొత్తం తీసేసి ఒక్క చక్రంతో మోడల్ రాశాను. సెకనుకి 3 మీటర్ల వేగం, బ్రేక్ లేదు, చక్రం సెకనుకి 10 రేడియన్లతో తిరగాలి. మొదట్లో 0.1 తేడా ఇచ్చి ప్రతి స్టెప్‌లో వేగం చూశాను: 10.10, 9.86, 10.20, 9.73, 10.38, 9.46. పైకి ఒకసారి, కిందికి ఒకసారి, ప్రతిసారీ 1.4 రెట్లు పెద్దదై పోతోంది. పెరిగి పెరిగి టైరు పట్టు హద్దు దాకా వెళ్లి అక్కడ అటూ ఇటూ కొట్టుకుంటుంది. కారు వేగం సున్నా అయిన క్షణాన హారం కూడా సున్నా, అదే ఆ ‘నాన్’. అదే చక్రాన్ని సెకనుకి 20 మీటర్ల దగ్గర నడిపితే నాలుగైదు స్టెప్పుల్లో బుద్ధిగా సర్దుకుంది.

నలభై నిమిషాల నెమ్మదికి కూడా సగం కారణం ఇదే. స్టెప్ సైజ్ గ్రాఫ్ తీసి చూస్తే, కారు సెకనుకి ఒక సెంటీమీటరు వేగానికి దిగేసరికి సాల్వర్ మూడు మైక్రోసెకన్ల అడుగులు వేస్తోంది. స్లో అన్నదీ, వణుకు అన్నదీ ఒకే జబ్బు. ఒక సాల్వర్ ఓపిగ్గా చిన్న అడుగులు వేసి తట్టుకుంది, ఇంకోటి తట్టుకోలేక పడిపోయింది.

హారానికి కనీస విలువ పెట్టేస్తే చాలు అని చాలామంది చెప్తారు. పెట్టకండి. వణుకు పోతుంది నిజమే గానీ, వాలు మీద ఆపిన కారు చక్రాలు బిగించి ఉన్నా నెమ్మదిగా కిందికి జారుతూనే ఉంటుంది. ఏబీఎస్ చివరి మీటర్లలో వచ్చే ఫలితం అంతా అబద్ధం.

నేను చేసింది రిలాక్సేషన్ లెంగ్త్ పెట్టడం. నిజమైన టైరులో బలం వెంటనే రాదు, చక్రం కొంత దూరం దొర్లాక వస్తుంది. 0.3 మీటర్లు పెట్టాను. స్లిప్ ఇప్పుడు దానంతటదే ఒక స్టేట్ (ఒక స్టెప్ నుంచి తర్వాతి స్టెప్‌కి మోడల్ గుర్తుంచుకునే విలువ), వేగంతో భాగించడం లేదు. గంటకి పదమూడు దగ్గర వణుకు పోయింది. పండగ అనుకున్నాను. ఆగిన కారు సన్నగా, సెకనుకి పాతికసార్లు ఊగడం మొదలుపెట్టింది, ఊగుడు పెరుగుతూ పోయింది. ఆ రాత్రి నిద్ర లేదు.

కారణం తెల్లారి దొరికింది. వేగం సున్నా దగ్గర టైరు ఒక స్ప్రింగ్‌లా పనిచేస్తుంది, డాంపింగ్ (ఊగుడుని అణిచేది) ఉండదు. డాంపింగ్ లేని ఊగుడుకి మామూలు ఆయిలర్ ప్రతి స్టెప్‌లో 1.2 శాతం కలుపుతుంది. వెయ్యి స్టెప్పుల్లో, అంటే ఒక్క సెకనులో, అది లక్ష రెట్లు దాటుతుంది. చక్రం వేగాన్ని ముందు లెక్కించి, ఆ కొత్త వేగంతోనే స్లిప్ లెక్కించేలా వరస మార్చాను. తక్కువ వేగంలో మాత్రమే పనిచేసే కాస్త డాంపింగ్ కలిపాను, వేగం పెరిగేకొద్దీ అది మాయమవుతుంది. నిన్న రాత్రి కారు ఆగింది ఇలా.

పది సెకన్ల రన్ ఇప్పుడు ఏడు సెకన్లలో అవుతోంది, నా పాత లాప్‌టాప్ మీదే. మీ మోడల్ కూడా ఆగే చోట పేలుతుంటే మెషీన్ అడగకండి, సపోర్ట్‌కి రాసి వారం పోగొట్టుకోకండి. ముందు వేగం మీద గ్రాఫ్ గీయండి, ఒక్క చక్రం విడిగా నడపండి. ఆ ఒక్క చక్రం ఫైలు, కాగితం మీది లెక్క కలిపి సపోర్ట్ వాళ్లకీ, మా మేనేజర్‌కీ పొద్దున్నే పంపాను. ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. కంట్రోల్స్ ఆవిడ మాత్రం వచ్చి ఆగిన కారుని చూసి, ‘వాలు మీద కూడా పెట్టి చూశారా?’ అని అడిగారు. పెట్టాను. జారలేదు.