సదస్సుకు పంపితే సరిపోదు

నేను మొదటిసారి ఒక శాస్త్ర సదస్సులో నా పరిశోధనను వివరించే పోస్టర్ పెట్టినప్పుడు నాకు కేటాయించిన బోర్డు హాలు చివరి వరుసలో, తలుపు పక్కన ఉంది. రెండు గంటల సెషన్‌లో గంటన్నర దాకా ఎవరూ ఆగలేదు. ఆ తరువాత ఒక పెద్దాయన వచ్చి, నన్ను ఒక్క మాటైనా అడగకుండా, ఫోన్ తీసి మూడో గ్రాఫ్‌ను దగ్గర నుంచి ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. ఆ గ్రాఫ్ అప్పటికి ఎక్కడా ప్రచురితం కాలేదు. ఆయనను వద్దని వారించవచ్చో లేదో నాకు తెలియదు. వారిస్తే నా తరఫున ఎవరు మాట్లాడతారో అంతకన్నా తెలియదు. ఆయన బ్యాడ్జీకి నిర్వాహక సంఘం రిబ్బను వేలాడుతూ ఉండటం మాత్రం గమనించాను.

ఇప్పుడు అటువంటి రిబ్బనే నా బ్యాడ్జీకీ అంటించి ఇస్తున్నారు. కొన్ని సదస్సుల నిర్వహణలో పాలుపంచుకున్నాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, విద్యార్థులకు ధైర్యం నూరిపోసి పంపడం వల్ల ఒరిగేది తక్కువ. ఖర్చుల కాగితం మీద సంతకం, సిఫారసు లేఖ, పరిశోధన పేపర్‌లో పేర్ల వరుస అన్నీ పరిశోధనను పర్యవేక్షించే గైడ్ చేతిలో ఉంటాయి. సెషన్‌ను నడిపే చైర్లుగా, పేపర్లకు సమీక్షకులుగా, రేపటి ఉద్యోగ ఇంటర్వ్యూలో బల్లకు అవతల కూర్చునేవారిగా తరచూ ఆ గైడ్‌కు తెలిసినవారే ఉంటారు. అందువల్ల విద్యార్థికి కల్పించే అండ ఏదైనా గైడ్ దయతో నిమిత్తం లేకుండా అందేదిగా ఉండాలి. మంచి గైడ్ దొరికిన విద్యార్థికి నేను చెప్పబోయేవి పెద్దగా అవసరం పడవు. నేను రాస్తున్నది మిగిలినవారి కోసం.

ముందు డబ్బు సంగతి. చాలా సంస్థలు విద్యార్థిని ముందు సొంతంగా ఖర్చుపెట్టుకోమని, తిరిగి వచ్చాక బిల్లులు ఇస్తే చెల్లిస్తామని చెబుతాయి. నెల నెలా వచ్చే ఫెలోషిప్‌తో బతికే వ్యక్తి విమాన టికెట్టు, రిజిస్ట్రేషన్ ఫీజు, గది అద్దె ఒకేసారి ఎక్కడ నుంచి తెస్తారని ఆ నియమం రాసినవారు ఆలోచించినట్లు కనిపించదు. నేను ఇద్దరు స్నేహితుల దగ్గర అప్పు చేసి వెళ్లాను. తిరిగి వచ్చాక ఒక బోర్డింగ్ పాస్ ముక్క పోయిందన్న కారణంతో నా ఫైలు అయిదు నెలలు ఒక బల్ల మీద నుంచి మరో బల్ల మీదికి తిరిగింది. ఆ అయిదు నెలలూ ఆ ఇద్దరు స్నేహితులకు ఎదురుపడకుండా తప్పించుకు తిరగడం నాకు పోస్టర్ తయారీ కన్నా కష్టమైన పని అయింది. సదస్సుల ప్రయాణ సహాయం విషయంలోనూ ఇదే తంతు కనిపిస్తుంది. ఎవరికి సహాయం అందుతుందో ప్రకటించేసరికి తక్కువ ఫీజుతో నమోదు చేసుకునే గడువు దాటిపోతుంది, వీసాకు కావలసిన ఆహ్వాన లేఖ అంతకన్నా ఆలస్యంగా వస్తుంది, సహాయపు సొమ్ము సదస్సు ముగిశాక గానీ చేతికి రాదు. ఈ మూడు తేదీలను కొన్ని వారాలు ముందుకు జరపడానికి అదనంగా పెద్ద ఖర్చేమీ అవసరం లేదు. టికెట్టును సంస్థే నేరుగా కొనివ్వడానికీ అదనపు ఖర్చు అవసరం లేదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి బూటకపు సదస్సుల గురించి కూడా చెప్పాలి. పేరున్న శాస్త్రవేత్తలు వస్తున్నారని రాసి, ఫీజు కట్టించుకుని, తీరా వెళితే సగం ఖాళీ గదిలో మాట్లాడించి పంపించే వ్యాపారం ఒకటి నడుస్తోంది. సదస్సులు కూడా నడిపే ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వేసిన కేసులో, సదస్సులకు రావడానికి ఒప్పుకోని ప్రముఖుల పేర్లను ప్రకటనల్లో వాడుకున్నారన్నది ఆరోపణల్లో ఒకటి. 2019 మార్చిలో కోర్టు ఆ సంస్థ 5.01 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. 'మీ విశిష్ట పరిశోధన చూసి ముగ్ధులమయ్యాము' అని మొదలయ్యే ఆహ్వానం మొదటి సంవత్సరం విద్యార్థికి వస్తే, ఆ వక్తల జాబితాలో ఒకరికి మెయిల్ రాసి నిజంగా వస్తున్నారా అని అడగమని చెప్పేవారు పక్కన ఒకరు ఉండాలి.

ఇక విద్యార్థి చేసిన పరిశోధనకు రక్షణ సంగతి. గోర్డన్ రీసెర్చ్ కాన్ఫరెన్సులు అనే శాస్త్ర సదస్సులు 1931 నుంచి జరుగుతున్నాయి. అక్కడ చెప్పిన విషయాన్ని, చూపిన పోస్టర్‌ను చెప్పినవారి అనుమతి లేకుండా బయట వాడుకోకూడదు, ఫొటోలు తీయకూడదు అన్నది అక్కడి నియమం. ప్రచురితం కాని ఫలితాల గురించి జంకు లేకుండా మాట్లాడుకోవడానికి ఆ నియమం వీలు కల్పిస్తుంది. అన్ని సదస్సులకూ అంత కట్టుదిట్టం అక్కరలేదు. పోస్టర్ మూలన ఫొటో తీయవద్దనే గుర్తు పెట్టుకునే వీలు, ఆ గుర్తును పట్టించుకోనివారిని వారించే మనిషి ఒకరు ఉంటే చాలా వరకు సరిపోతుంది. పేటెంటుకు వెళ్లదగిన పని అయితే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. యూరప్ పేటెంట్ నిబంధనల ప్రకారం దరఖాస్తుకు ముందే బహిరంగమైన విషయం, బయటపెట్టింది స్వయంగా ఆ పరిశోధకుడే అయినా, సాధారణంగా కొత్తదిగా చెల్లదు. అమెరికాలో అలా తానే బయటపెట్టాక దరఖాస్తు చేసుకోవడానికి ఒక సంవత్సరం వ్యవధి ఉంటుంది. పోస్టర్ పెట్టడం కూడా బహిరంగపరచడం కిందికే వస్తుందని ముందుగా తెలిసిన విద్యార్థులు నాకు చాలా అరుదుగా కనిపించారు.

అన్నిటికన్నా బరువైనది మనిషి భద్రత. ఉపన్యాసం జరిగే గదిలో చైర్ ఉంటారు, గడియారం ఉంటుంది, నలుగురు చూస్తుంటారు. సాయంత్రం విందులో, ఆ తరువాత హోటల్ లాబీలో అవేవీ ఉండవు. 'మీ పని గురించి వివరంగా మాట్లాడుకుందాం, రండి' అన్న పిలుపు నిజంగా పని గురించేనా కాదా అన్నది విద్యార్థి ఒంటరిగా తేల్చుకోవలసి వస్తుంది. భూ, అంతరిక్ష శాస్త్రవేత్తల సంఘమైన అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ 2017లో తన నియమావళిని సవరించి వేధింపులను, వివక్షను శాస్త్రీయ దుష్ప్రవర్తనగా, అంటే దొంగ డేటా రాయడంతో సమానమైన తప్పుగా చేర్చింది. అమెరికా నేషనల్ అకాడమీలు 2018లో వెలువరించిన నివేదిక, వేధింపులు జరుగుతాయా లేదా అన్నది అన్నిటికన్నా ఎక్కువగా ఆ సంస్థలోని వాతావరణాన్ని బట్టి ఉంటుందని తేల్చింది. ఖగోళ శాస్త్రవేత్తలు తమ సమావేశాల్లో 'ఆస్ట్రానమీ అలైస్' పేరుతో కొందరు స్వచ్ఛంద సభ్యులను ఉంచారు. దూరానికి కూడా కనిపించే బిళ్ల పెట్టుకుని తిరిగే ఆ సభ్యుల దగ్గరికి వెళ్లి, ఇబ్బందికరమైన సంభాషణ నుంచి బయటపడేయమనో, హోటల్ దాకా తోడు రమ్మనో ఎవరైనా అడిగే ఏర్పాటు అది. నాకు ఈ పద్ధతి నచ్చడానికి కారణం, సహాయం కోరినవారు ఫిర్యాదు రాయనక్కరలేదు, దేనినీ రుజువు చేయనక్కరలేదు.

మేము నిర్వహించిన ఒక సదస్సులో ప్రవర్తనా నియమావళిని అందంగా అచ్చువేసి ప్రతి సంచిలో పెట్టాము. కింద ఒక ఫోన్ నంబరు ఇచ్చాము. రెండో రోజు ఉదయం ఒక విద్యార్థిని ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "ఈ నంబరు మా గైడ్ గారిది మేడమ్. ఆయన గురించే చెప్పాల్సి వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నా నంబరు ఇచ్చాను గానీ, నేను ఆయనతో కలిసి పేపర్లు రాసిన మనిషినని ఆ అమ్మాయికి తెలుసు. ఎందుకు అడుగుతున్నావని నేను అడగలేదు, ఆమె ఫోన్ చేయలేదు. అడగకపోవడం మర్యాదో పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ తరువాతి సదస్సుకు రెండు నంబర్లు ఇచ్చాము, రెండూ మా రంగంతో ఏ సంబంధమూ లేనివారివి. చైర్లకు కూడా ఒక సూచన పంపాము: విద్యార్థులను ప్రశ్నలు అడగడం మానేసి తూలనాడటం మొదలుపెట్టినవారిని, ఎంత పెద్దవారైనా, అక్కడే ఆపాలి. కొందరు నొచ్చుకున్నారు.

వచ్చే సదస్సుకు విద్యార్థుల టికెట్లను నేరుగా కొనడానికి లెక్కల విభాగం ఒప్పుకుంది, ఏడు ఉత్తరాల తరువాత. ఫిర్యాదులు తీసుకోవడానికి బయటి నుంచి వచ్చే ఆ ఇద్దరి ప్రయాణ ఖర్చును ఏ పద్దు కింద రాయాలని అడిగిన ఎనిమిదో ఉత్తరానికి మాత్రం ఇంకా జవాబు రాలేదు.